వేటగాడే వేటయైన కథ: ఒక గూఢచారి నవలలోని ప్రధాన సంఘర్షణము

కథకు ప్రాణము సంఘర్షణము. ఒకడు ఒక కార్యమును తలపెట్టును. దానికి అడ్డముగా మఱియొక బలము నిలుచును. ఆ రెండును ఎదురుపడినప్పుడే కథ పుట్టును. అడ్డమే లేనిచో, అతడు ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరెనని చెప్పి ముగింపవచ్చును. అది వార్త యగును గాని కథ కాదు.

‘ఈ కథలోని ప్రధాన సంఘర్షణమేమి?’ అని పరీక్షలో అడిగినప్పుడు మన విద్యార్థులలో పెక్కుమంది ‘నాయకునికిని ప్రతినాయకునికిని జరిగిన పోరాటము’ అని ఒక్క వాక్యము వ్రాసి ఊరకుందురు. కొన్ని కథలకు ఆ సమాధానము చాలును, కొన్నింటికి చాలదు. ఎందుకు చాలదో ఒక ఉదాహరణముతో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఉదాహరణముగా మేము ఒక ఆంగ్ల గూఢచారి నవలను గైకొనుచున్నాము. గూఢచారి నవల యనగానే తల్లిదండ్రులలో కొందఱు ముఖము చిట్లింతురని మేము ఎఱుగుదుము. తుపాకులు, పరుగులు, హత్యలు తప్ప వానిలో నేమున్నదని వారి యభిప్రాయము. పిల్లలు పాఠములు మాని వానినే పట్టుకొని కూర్చుందురని వారి భయము. ఆ భయము కేవలము నిరాధారము కాదు. ఆ కోవకు చెందిన పుస్తకములలో అధికభాగము చదివి మఱచిపోదగినవే. కాని మంచి పుస్తకము ఏ కోవలోనైనను పుట్టవచ్చును. పుస్తకము ఏ జాతిదని కాక, అది మనుష్యుని గూర్చి ఏమి చెప్పుచున్నదని మనము అడుగవలెను.

మన సంప్రదాయములోని వేగులవారి కథ

గూఢచారుల కథ మనకు క్రొత్త కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకము ఆద్యంతము వేగులవారి కథయే. నందవంశము నశించిన పిమ్మట చంద్రగుప్తుని సింహాసనమున స్థిరముగా నిలుపుటకు చాణక్యుడును, అతనిని కూలద్రోయుటకు నందుల మంత్రియైన రాక్షసుడును పన్నుగడలు పన్నుదురు. రాక్షసుడు పంపిన హంతకులు కొందఱు చంద్రగుప్తుని పడకటింటి గోడలోపల దాగియుందురు. గోడ పగులునుండి మెతుకులను మోసికొని వెలుపలికి వచ్చు చీమలబారు చాణక్యుని కంట పడును. లోపల మనుష్యులు భోజనము చేయుచున్నారని అతడు ఊహించి, ఆ యింటికి నిప్పు పెట్టించును. ఇచ్చట తలపడినవి రెండు బుద్ధులు. ఎవరి చూపు నిశితమో వారిదే జయము. దీనిని బాహ్య సంఘర్షణ మందురు.

ఇంకొక సంగతి. రాక్షసుని ముద్రాంగుళీయకము చాణక్యుని చేతికి చిక్కును. అతడు ఒక కపటలేఖపై ఆ ముద్రను వేయించి, రాక్షసునికిని అతని ఆశ్రయమైన మలయకేతునకును ఎడబాటు కల్పించును. అయినను రాక్షసుడు లొంగడు. తన కుటుంబమును కాపాడిన మిత్రుడు చందనదాసుని వధ్యస్థానమునకు కొనిపోవుచున్నారని విన్నప్పుడు మాత్రము అతని గుండె రెండుగా చీలును. నందులయెడ గల భక్తి ఒకవైపు, మిత్రుని ప్రాణము ఒకవైపు. చివరకు అతడు మిత్రుని ప్రాణమునకై తాను ద్వేషించిన చంద్రగుప్తుని మంత్రిపదవిని అంగీకరించును. ఈ పోరాటములో చాణక్యుడు నిమిత్తమాత్రుడు. ఇరుపక్షములును రాక్షసుని హృదయములోనే యున్నవి. దీనిని అంతస్సంఘర్షణ మందురు.

ఈ నాటకములోని రెండు వస్తువులను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి, గోడలో దాగిన మనుష్యులు. రెండవది, ఒకరి ముద్ర గల అబద్ధపు లేఖ. ఇప్పుడు చెప్పబోవు నవలలో ఈ రెండును వేఱు రూపములలో మనకు మరల కనబడును.

గ్రంథము, గ్రంథకర్త

ఆ నవల పేరు ‘రోగ్ మేల్’. వ్రాసినవాడు జెఫ్రీ హౌస్‌హోల్డ్ అను ఆంగ్లేయుడు. అతడు 1900లో జన్మించి 1988లో మరణించెను. నవల 1939లో, అనగా రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైన సంవత్సరముననే వెలువడెను. ఆ యుద్ధకాలమున గ్రంథకర్త బ్రిటిషు సైన్యపు గూఢచారి శాఖలో స్వయముగా పనిచేసెను.

పేరునకు అర్థము తెలిసికొందము. వేటగాండ్ర పరిభాషలో ‘రోగ్’ అనగా మందను విడిచి ఒంటరిగా తిరుగు ప్రమాదకరమైన జంతువు. ‘మేల్’ అనగా మగది. డెంకణికోట అడవుల అంచున రాగిచేలు గల గ్రామములవారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కఱలేదు. మందతో వచ్చిన ఏనుగు పోకడ వేఱు, ఒంటి ఏనుగు పోకడ వేఱు. మందలోని ఏనుగునకు తోడు కలదు, కట్టుబాటు కలదు. ఒంటి ఏనుగునకు తన గాయము, తన భయము, తన కోపము తప్ప మఱియేమియు లేదు. అది ఎందుకు మందను విడిచినదో మనకు తెలియదు. ఏదో జరిగియుండును. ఆ ‘ఏదో’ ఏమిటి అను ప్రశ్నయే ఈ నవలకు మూలము.

కథాసంగ్రహము

కథానాయకుడు తన కథను తానే చెప్పుకొనును గాని, తన పేరు మాత్రము ఎచ్చటను చెప్పడు. అతడు ఇంగ్లండులో పేరుపొందిన కుటుంబమువాడు. పెద్ద మృగముల వేటలో ప్రఖ్యాతుడు. అతడు పోలండునుండి సరిహద్దు దాటి పొరుగుదేశమున ప్రవేశించి, ఆ దేశపు నియంత విశ్రాంతికై వచ్చు భవనమును సమీపించును. దూరదర్శిని బిగించిన తుపాకితో నియంతను గుఱి చూచుచుండగా కావలివాడు పట్టుకొనును. ఆ నియంత ఎవరో, ఆ దేశమేదో గ్రంథమున లేదు. నాటి పోలండునకు ఒకవైపు జర్మనీ, మఱియొకవైపు సోవియట్ దేశము. చదువరి ఎటు చూచినను చూడవచ్చును. తాను మనసున నుంచుకొన్నది హిట్లరునే యని గ్రంథకర్త తరువాతి కాలమున చెప్పెను.

పట్టుబడినవాడు ఒకే సమాధానమును చెప్పును. తాను చంపుటకు రాలేదట. లోకములో నెల్ల మిక్కిలి భద్రముగా కాపాడబడు ‘మృగము’ చెంతకు వేటగాడు చేరగలడా లేడా యని పరీక్షించుటకే వచ్చెనట. శత్రువులు నమ్మరు. అతనిని చిత్రహింసలు పెట్టుదురు. వ్రేళ్ళు ఛిద్రమగును, ఒక కన్ను చెడును. ప్రమాదవశమున మరణించినట్లు కనబడుటకై అతనిని కొండచరియనుండి పడవిడుతురు. అతడు క్రింది బురదలో పడి బ్రదుకును. ప్రాకుచు, దాగుచు, నదిమార్గమున ఓడరేవు చేరి, ఒక బ్రిటిషు ఓడలోని నీటితొట్టిలో దాగి ఇంగ్లండునకు వచ్చును.

స్వదేశము చేరుటతో ఆపద తీరవలెను గదా! తీరదు. శత్రుదేశపు వేగులవారు లండనులోను అతనిని వెంటాడుదురు. భూగర్భ రైలుస్టేషనులో జరిగిన పెనుగులాటలో వారిలో నొకడు విద్యుత్ పట్టాపై పడి మరణించును. అంతటితో మన కథానాయకుడు తన దేశపు పోలీసులకును హంతకుడగును. జరిగిన సంగతి పోలీసులతో చెప్పుటకు వీలులేదు. చెప్పినచో, ఒక ఆంగ్లేయుడు పరదేశపు నాయకుని చంపబోయెనని లోకమునకు వెల్లడియై, తన దేశమునకు చిక్కు వచ్చును. ఇక మిత్రదేశము లేదు, శత్రుదేశము లేదు, అన్నియు పరదేశములే.

అప్పుడు అతడు దక్షిణ ఇంగ్లండులోని డార్సెట్ మండలమునకు పోవును. అచ్చట ఇరుప్రక్కల గట్లు లేచి, పైన పొదలు కమ్ముకొన్న ఒక పల్లపు దారి కలదు. ఆ గట్టులో నక్కవలె కలుగు త్రవ్వుకొని అతడు నివసించును. అతనికి తోడు ఒక అడవిపిల్లి. దానికి అస్మోడియస్ అని పేరు పెట్టుకొనును. లోకముననున్న మృగములనెల్ల వేటాడినవాడు తానే మృగమై నేలలో దాగును. వెదకుచు వచ్చినవాడు క్వీవ్-స్మిత్ అను మారుపేరుతో ఇంగ్లీషువానివలె మాటలాడు శత్రువు. అతడును ఆరితేరిన వేటగాడే. కలుగు ద్వారమును మూసివేసి, గాలి కన్నమొకటి విడిచి, దాని ప్రక్కన కూర్చుండి మాటలాడ మొదలిడును.

ఇంతవరకు జరిగినదంతయు బాహ్య సంఘర్షణమే. కథలోని అసలు ముడి ఆ గాలి కన్నమువద్ద నున్నది.

ఒక కాగితము, రెండు మాటలు

క్వీవ్-స్మిత్ తలచినచో అతనిని ఆ కలుగులోనే చంపవచ్చును. చంపడు. అతనికి కావలసినది ప్రాణము కాదు, సంతకము. తాను ఆ నియంతను చంపబోయితిననియు, ఆ సంగతి బ్రిటిషు ప్రభుత్వమునకు తెలియుననియు ఒప్పుకొను కాగితముపై సంతకము చేసినచో విడిచెదనని అతడు ఆశపెట్టును. కపటలేఖపై రాక్షసుని ముద్రవలె, ఈ కాగితముపై కథానాయకుని సంతకము శత్రురాజ్యమునకు ఆయుధమగును.

ఇచ్చట విద్యార్థులు నిదానించి చదువవలెను. ఆ కాగితములో రెండు మాటలున్నవి. మొదటిది, ‘నేను చంపుటకు పోయితిని’ అనునది. రెండవది, ‘నా ప్రభుత్వమునకు తెలియును’ అనునది. రెండవ మాట శుద్ధ అబద్ధము. అతనిని ఎవరును పంపలేదు, ఎవరికిని తెలియదు. మొదటి మాటయు అబద్ధమేయని అతడు నమ్మియుండెను. శత్రువులతోను, తనతోను, చదువరులమైన మనతోను అదియే చెప్పుచు వచ్చెను.

అయితే చీకటిలో, మురికిలో, ఆకలితో దినములు గడచుచుండగా, పైనుండి క్వీవ్-స్మిత్ మరల మరల ప్రశ్నించుచుండగా, అతడు తన మనసును తాను త్రవ్వుకొన నారంభించును. కేవలము వేడుకకై అంత దూరము ఎవడైనను పోవునా? ప్రాణమునకు తెగించి గుఱి చూచినవాని మనసులో వేడుక మాత్రమే యుండునా? అప్పుడు అతడు ఇంతవరకు చెప్పని సంగతి వెలుపలికి వచ్చును. అతడు ఒక స్త్రీని ప్రేమించెను. ఆమెను ఆ నియంత ప్రభుత్వము పట్టి చంపించెను. ఆ దుఃఖమును అతడు లోలోపల పాతిపెట్టి, దానిపై వేట, పందెము, వేడుక అను మాటలను కప్పెను. నిజముగా అతడు పోయినది చంపుటకే.

కాగితములోని మొదటి మాట సత్యమే! శత్రువు వ్రాసిన కాగితములో సగము సత్యము, సగము అసత్యము. అతడు ఇంతకాలము రెండింటిని అసత్యములని త్రోసివేయుచుండెను. ఇప్పుడు సత్యమును సత్యమని ఒప్పుకొనవలెను. అసత్యమును మాత్రము ప్రాణము పోయినను ఒప్పుకొనరాదు. తనకు అక్కఱకు రాని సత్యము శత్రువు నోట వచ్చినప్పుడు దానిని సత్యమని గుర్తించుట ఎంత కష్టము! మా యభిప్రాయమున ఈ నవలలోని ప్రధాన సంఘర్షణము ఇదియే. వేటాడబడువానికిని వేటాడువానికిని నడుమ జరిగిన పోరాటము దానికి పైతొడుగు. లోపల నున్నది, ఒక మనుష్యునికిని అతడు తనతో చెప్పుకొన్న అబద్ధమునకును నడుమ జరిగిన పోరాటము.

ఇక కథాంతము. క్వీవ్-స్మిత్ ఆ పిల్లిని చంపును. అదియే అతని పతనమునకు కారణమగును. కథానాయకుడు దాని చర్మమును వారుగా చేసి, కొయ్యను ఇనుప చువ్వను కూర్చి, వింటివంటి యంత్రమును నిర్మించి, క్వీవ్-స్మిత్ ముఖము కన్నమునకు ఎదురుగా వచ్చిన క్షణమున ఆ చువ్వను వదలి అతనిని చంపును. అంతట వెలుపలికి వచ్చి ఇంగ్లండు విడిచి పోవును. తాను వ్రాసికొన్న ఈ కథనంతయు తన న్యాయవాదికి పంపుచు, తిరిగి ఆ నియంత కొరకే పోవుచున్నాననియు, ఈసారి వేడుకకు కాదనియు తెలుపును.

తీసివేత పరీక్ష

‘ప్రధాన సంఘర్షణము ఇదియేయని ఎట్లు చెప్పగలరు?’ అని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. అడుగవలెను. దానికి సులభమైన పరీక్ష యొకటి కలదు. కథలోని అడ్డములను ఒక్కొక్కటిగా తీసివేసి చూడుడు. ఏ అడ్డము తొలగినను కథ ఇంకను సాగునో అది ప్రధానము కాదు. ఏది తొలగిన కథకు ఆధారమే యుండదో అది ప్రధానము.

పోలీసులను తీసివేయుదము. అతడు డార్సెట్‌లో కాక వేఱొకచోట దాగియుండును, కథ సాగును. క్వీవ్-స్మిత్‌ను తీసివేయుదము. గ్రంథకర్తయే తీసివేసెను! ప్రతినాయకుడు మరణించిన తరువాతను కథ ముగియలేదు. నాయకుడు మరల బయలుదేరెను. కావున క్వీవ్-స్మిత్ ప్రధానమైన అడ్డము కాడు. ఇప్పుడు అబద్ధమును తీసివేయుదము. తాను చంపుటకే పోవుచున్నానని, ఎవరి కొరకు పోవుచున్నానో ఆ కారణముతో సహా, మొదటి పుటలోనే నాయకుడు ఒప్పుకొనియుండెననుకొనుడు. అప్పుడు కలుగులోని ఆ సంభాషణమునకు పదను లేదు. కాగితము వట్టి కాగితమగును. ఒంటి ఏనుగు ఎందుకు ఒంటిదైనదను ప్రశ్నయే పుట్టదు. మిగులునవి పరుగులు మాత్రమే.

ఈ నవలను ఫ్రిట్జ్ లాంగ్ అను దర్శకుడు ‘మ్యాన్ హంట్’ అను పేరుతో 1941లో చలనచిత్రముగా తీసెను. అందు నియంత హిట్లరే యని స్పష్టముగా చూపబడెను. చిత్రారంభముననే ఒక దృశ్యము కలదు. వేటగాడు గుఱి చూచి మీట నొక్కును. తుపాకిలో గుండు లేదు, చప్పుడు మాత్రమే వచ్చును. అతడు నవ్వుచు చేయి ఊపి, పోబోయి ఆగి, తుపాకిలో నిజమైన గుండును పెట్టి మరల గుఱి చూచును. అంతలో పట్టుబడును. మొదటిసారి వేడుక, రెండవసారి ఏమి? మాటలు లేకయే సంఘర్షణము కంటికి కనబడినది.

వేటాడబడినవారు మూడు విధములు

ఒక గ్రంథమును అదే కోవకు చెందిన ఇతర గ్రంథములతో పోల్చి చూచినప్పుడే దాని విశేషము తేటపడును. జాన్ బకన్ 1915లో ప్రకటించిన ‘ది థర్టీనైన్ స్టెప్స్’ అను నవలలో రిచర్డ్ హానే అనువాని యింట ఒకడు హత్య చేయబడును. హానే నిర్దోషి. అయినను పోలీసులును, శత్రువుల వేగులవారును అతనిని వెంటాడుదురు. అతని మనసున సందేహము లేదు; లోకమునకు తన నిర్దోషిత్వము తెలియుటయే కావలసినది. ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో ప్రకటించిన ‘ది డే ఆఫ్ ది జాకల్’ అను నవలలో హంతకుడు డబ్బు పుచ్చుకొని ఫ్రెంచి అధ్యక్షుడు డీగాల్‌ను చంపుటకు పూనుకొనును. అతనికిని మనసున సందేహము లేదు; అతనికి అది వృత్తి. డీగాల్ 1970లో స్వగృహమున సహజముగా మరణించిన సంగతి లోకమెఱుగును గనుక హంతకుడు ఓడునని చదువరికి ముందే తెలియును. అయినను ఎట్లు పట్టుబడునో అను ఉత్కంఠతో పుస్తకమును క్రింద పెట్టలేము. అచ్చటి సంఘర్షణము ఇద్దఱు నేర్పరుల పద్ధతుల నడుమనే.

హానే నిర్దోషి, ఆ సంగతి అతనికి తెలియును. జాకల్ దోషి, ఆ సంగతి అతనికి తెలియును. హౌస్‌హోల్డ్ నాయకునికి మాత్రము తాను ఎవరో తనకే తెలియదు. అందుచేతనే మొదటి ఇద్దఱి కథలను వెలుపలినుండి చూచెదము. మూడవవాని కథను లోపలనుండి చూచెదము.

చరిత్ర చెప్పిన సాక్ష్యము

గూఢచారి నవలలోని కాగితము వట్టి కల్పన యని కొందఱు అనుకొనవచ్చును. నవల వెలువడిన 1939లోనే జరిగిన ఒక చారిత్రక సంఘటనను వారి ముందుంచుచున్నాము.

జర్మనీ దేశమున జార్జ్ ఎల్సర్ అను వడ్రంగి యుండెను. హిట్లరు దేశమును యుద్ధమునకు ఈడ్చుచున్నాడని అతడు గ్రహించి, ఎవరితోను చెప్పక, తానొక్కడే అతనిని చంప నిశ్చయించెను. హిట్లరు ప్రతి సంవత్సరము నవంబరు 8వ తేదీన మ్యూనిక్ నగరమందలి ఒక మద్యశాల సభామందిరమున ఉపన్యసించుట వాడుక. ఎల్సర్ 30కి పైగా రాత్రులు ఆ మందిరమున దాగి, వేదిక వెనుకనున్న స్తంభమును కొంచెము కొంచెముగా తొలిచి, అందు గడియారము గల బాంబును అమర్చెను. 1939 నవంబరు 8వ తేదీ రాత్రి అది అనుకొన్న వేళకే ప్రేలెను. కాని హిట్లరు ఉపన్యాసమును త్వరగా ముగించి 13 నిమిషములకు ముందే వెడలిపోయియుండెను. 8 మంది మరణించిరి. వారిలో అచ్చట పనిచేయు పరిచారిక యొకతె కలదు.

ఎల్సర్ ఆ రాత్రియే స్విట్జర్లాండు సరిహద్దున పట్టుబడెను. తానొక్కడనే చేసితినని అతడు చెప్పెను. అది సత్యము. కాని నాజీ ప్రభుత్వమునకు ఆ సత్యము అక్కఱకు రాలేదు. సామాన్యుడైన ఒక వడ్రంగి తనంత తాను నియంతను కాదనెనని ఒప్పుకొనుట వారికి సమ్మతము కాదు. మఱునాడే డచ్చి సరిహద్దునగల వెన్లో అనుచోట ఇద్దఱు బ్రిటిషు గూఢచార ఉద్యోగులను పట్టుకొనిపోయి, ఈ పనియంతయు బ్రిటిషు గూఢచారి శాఖదేయని చాటిరి. ఎల్సర్‌ను సంవత్సరములకొలది చెఱలో నుంచి, 1945 ఏప్రిల్ 9వ తేదీన డాకౌ శిబిరమున చంపిరి.

క్వీవ్-స్మిత్ కోరిన కాగితమును, నాజీల ప్రచారమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. సగము సత్యమును చేతబట్టుకొని దానికి సగము అసత్యమును అతుకుట నిరంకుశుల పద్ధతి. నవలాకారుడు ముందే ఊహించినదానిని చరిత్ర కొలదికాలములోనే నిజము చేసినది.

అర్థము చేసికొనుట వేఱు, మెచ్చుకొనుట వేఱు

ఇక నొక కఠిన ప్రశ్న మిగిలియున్నది. కథాంతమున నాయకుడు చేసిన నిశ్చయము సరియైనదేనా? తన మనసును తాను తెలిసికొన్నాడు గనుక అతడు చేయబోవునది ధర్మమగునా?

కాదని మా యభిప్రాయము. తన ఉద్దేశమును తాను ఎఱుగుట ఒక మేలు; ఆ ఉద్దేశము మంచిదగుట మఱియొక మేలు. మొదటిది కలిగినంత మాత్రమున రెండవది కలుగదు. 1948 జనవరి 30వ తేదీన మహాత్ముని కాల్చినవాడును తన ఉద్దేశమును ఎఱిగియే కాల్చెను. తన హేతువు గొప్పదని నమ్మియే కాల్చెను. దానివలన ఆ పాతకము తగ్గలేదు. ఎల్సర్ తలపెట్టినది పరమ క్రూరుడైన నియంతపైన. అయినను ఆ రాత్రి ప్రాణము గోల్పోయినవారిలో ఆ పరిచారిక యున్నది. బాంబునకు ఆ భేదము తెలియదు. నవలలోని వేటగాడు ప్రేమించిన స్త్రీని తిరిగి తెచ్చు గుండు ఏ తుపాకిలోను లేదు.

అట్లని ఆ కథ వ్యర్థము కాదు. మంచి కథ మనచేత నాయకుని చేతలకు తలయూపించుటకై వ్రాయబడదు. నాయకుని మనసులో జరిగినదానిని మన మనసులో జరిగినట్లు చూపుటకై వ్రాయబడును. అతనిని అర్థము చేసికొందము. మెచ్చుకొనుట మానుటకు మనకు స్వాతంత్ర్యము కలదు. ఈ భేదమును పిల్లలకు నేర్పినచో ఏ పుస్తకమును గూర్చియు తల్లిదండ్రులు భయపడనక్కఱలేదు. పుస్తకమును దాచిపెట్టుటకంటె, చదివిన పిమ్మట పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ‘వాడెందుకట్లు చేసినాడురా?’ అని అడుగుట మేలు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు పిల్లవాడు తప్పక ఆలోచించును.

ఆ నాయకునివలె తుపాకి పట్టి సరిహద్దులు దాటు అవసరము మనలో నెవరికిని రాదు. కాని తనతో తాను అబద్ధమాడుకొనుట మాత్రము అందఱి యిండ్లలోను కలదు. ఈర్ష్యతో ఒకని తప్పును ఉపాధ్యాయునితో చెప్పి, న్యాయము కొరకు చెప్పితినని అనుకొనువాడు ఉండును. భయముచేత పందెమునుండి తప్పుకొని, తనకు ఆ ఆటయందు ఇష్టము లేదని అనుకొనువాడు ఉండును. అట్టివేళ ఎవరో గిట్టనివాడు మన ముఖముపై అసలు కారణమును అనును. మనకు కోపము వచ్చును. ఆ కోపము అతని మాటలోని అసత్యమునకు వచ్చినదా, సత్యమునకు వచ్చినదా? ఈ ప్రశ్నను తనకు తాను వేసికొనగలవాడు ఈ నవలలోని ప్రధాన సంఘర్షణమును గ్రహించినవాడే.

అభ్యాసము

1. బాహ్య సంఘర్షణమునకును అంతస్సంఘర్షణమునకును గల భేదమును ముద్రారాక్షసమునుండి ఒక్కొక్క ఉదాహరణముతో వివరింపుడు.

2. క్వీవ్-స్మిత్ కోరిన కాగితములోని రెండు మాటలేవి? కథానాయకుడు సంతకము చేయ నిరాకరించుట సరియైనదని మీరు తలంతురా? కారణములు వ్రాయుడు.

3. ‘రోగ్ మేల్’ అను పేరునకు తగిన తెలుగు పేరొకటి సూచించి, దానిని సమర్థింపుడు.

4. మీ పాఠ్యపుస్తకములోని ఏదేని ఒక కథకు ‘తీసివేత పరీక్ష’ను ప్రయోగించి, అందలి ప్రధాన సంఘర్షణమును నిర్ణయింపుడు.

5. ‘ఒక మనుష్యుని అర్థము చేసికొనుట అతనిని సమర్థించుట కాదు.’ ఈ వాక్యమును గూర్చి మీ యింటి పెద్దలతో ముచ్చటించి, వారి అభిప్రాయమును మీ అభిప్రాయమును ఒక పుటకు మించకుండ వ్రాయుడు.